పెరిగే కన్నుకు కొలత: పిల్లల హ్రస్వదృష్టి, నేత్ర ప్రతిబింబాలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు హ్రస్వదృష్టికి, కంటిగుడ్డు పొడవుకు గల సంబంధాన్ని లెక్కకట్టి చూపగలుగుతారు. ధ్వనితోను, కాంతితోను కంటి లోతును ఎలా కొలుస్తారో వివరించగలుగుతారు. ఒక పిల్లవాడి కంటి రిపోర్టు మీ చేతికి వస్తే అందులోని అంకెలు ఏం చెబుతున్నాయో, ఏం చెప్పడం లేదో తెలుసుకోగలుగుతారు. మీలో అంగన్‌వాడీల్లో, బడుల్లో, సచివాలయాల్లో పనిచేస్తూ చదువుకుంటున్నవారు చాలామంది ఉంటారు. ఈ మూడో లక్ష్యాన్ని ముఖ్యంగా వారిని దృష్టిలో పెట్టుకొని చేర్చాను.

7.1 పరిచయం

నేను గిద్దలూరు తాలూకాలో, నల్లమల అడుగున ఉన్న ఒక పల్లెలో చదువుకున్నాను. నాలుగో తరగతిలో బోర్డు మీద రాసింది చూసి రాయమంటే 'ధ'కు బదులు 'థ', 'ప'కు బదులు 'ష' రాసేవాణ్ణి. మన లిపిలో ఒక చుక్క, ఒక చిన్న గీత తేడాతో అక్షరమే మారిపోతుంది కదా. మూడో వరసలో కూర్చున్న నాకు ఆ చుక్క కనిపించేది కాదు. కనిపించడం లేదని చెప్పాలని నాకూ తెలియదు, ఎందుకంటే అందరికీ అలాగే కనిపిస్తుందనుకునేవాణ్ణి. మా అయ్యవారు శ్రద్ధలేదని చింతబరికె తీసేవారు. ఆయన తప్పని నేను అనను. నా కంట్లో ఏముందో చూసే సాధనం ఆయన దగ్గర లేదు.

నాకు కళ్లజోడు వచ్చింది ఇంటర్మీడియట్‌లో. ఆ రోజు మొదటిసారి చింతచెట్టుకు విడివిడిగా ఆకులు ఉండడం చూశాను. అప్పటికి ఎనిమిదేళ్లు గడిచిపోయాయి.

పిల్లల్లో హ్రస్వదృష్టిని ఇలా గుర్తించేది ఎక్కువగా చార్టుతోనే. ఆరు మీటర్ల దూరంలో అక్షరాల పట్టిక పెట్టి, చదవగలిగిన చివరి వరసను రాసుకుంటారు. అది మంచి పరీక్షే, చవకైనది, దాన్ని వదలకూడదు. కాని చార్టు చెప్పేది 'చూపు ఎంత తగ్గింది' అన్నది మాత్రమే. ఎందుకు తగ్గింది, లోపల ఏం పెరిగింది, వచ్చే ఏడాదికి ఏమవుతుంది అన్న ప్రశ్నలకు కంటి లోపలిని చూడాలి. ఈ పాఠం దాని గురించే.

7.2 ఒక మిల్లీమీటరు విలువ

పుట్టిన శిశువు కంటిగుడ్డు ముందునుంచి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి సుమారు 23 నుంచి 24 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్లలోనే జరిగిపోతుంది. కన్ను పొడవు అవుతున్నకొద్దీ కార్నియా, కటకం కొంచెం చదునై తమ సామర్థ్యాన్ని తగ్గించుకుంటూ వస్తాయి. ప్రతిబింబం సరిగ్గా నేత్రపటలం మీదే పడేలా ఈ రెండు పనులూ జోడుగా సాగుతాయి. కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి ముందుకు లాగితే ఏమవుతుందో మీకు తెలుసు. కంటిగుడ్డు ముందుకు పోయి, కటకం దాన్ని అందుకోలేకపోతే హ్రస్వదృష్టి వస్తుంది. దూరపు వస్తువు ప్రతిబింబం నేత్రపటలానికి ముందే ఏర్పడి, పటలం మీద మసకగా పడుతుంది.

ఎంత పెరిగితే ఎంత దోషం? లెక్క సులభమే, చేద్దాం. కన్ను మొత్తాన్ని 60 డయాప్టర్ల సామర్థ్యం గల ఒకే వక్రతలంగా, లోపలి ద్రవం వక్రీభవన గుణకాన్ని 1.336గా తీసుకోండి. ప్రతిబింబ దూరం 1.336ను 60తో భాగిస్తే వచ్చే విలువ, అంటే 0.02227 మీటరు. మిల్లీమీటర్లలో 22.27. ఇప్పుడు కన్ను మరొక్క మిల్లీమీటరు సాగి 23.27 అయిందనుకోండి. ఆ పొడవుకు సరిపోవలసిన సామర్థ్యం 1336ను 23.27తో భాగిస్తే 57.4 డయాప్టర్లు. ఉన్నది 60, కావలసింది 57.4. తేడా 2.6 డయాప్టర్లు. అందుకే అంత విలువగల పుటాకార కటకాన్ని కళ్లజోడుగా ఇవ్వాలి.

ఒక బియ్యపుగింజ మందం కూడా లేని పెరుగుదల, పిల్లవాణ్ణి మొదటి బెంచీకి చేరుస్తుంది. మైనస్ 2.6 ఉన్నవాడికి కళ్లజోడు లేకుండా స్పష్టంగా కనిపించే గరిష్ఠ దూరం 1ని 2.6తో భాగిస్తే వచ్చే 0.38 మీటరు. అంటే మూర కంటే తక్కువ. బోర్డు సంగతి అటుంచండి, అన్నం పెడుతున్న అమ్మ ముఖం కూడా ఆ దూరం దాటితే మసకే.

ఇక్కడ తొందరపడి 'కన్ను పొడవుగా ఉంటే హ్రస్వదృష్టి' అని రాసుకోవద్దు. పరీక్ష పేపర్లలో నేను ఎక్కువసార్లు దిద్దిన తప్పు ఇదే. ఎత్తుగా ఉన్న మనిషి కన్ను కొంచెం పొడవుగా ఉండవచ్చు. సగటున మగపిల్లల కన్ను ఆడపిల్లల కన్ను కంటే సుమారు అర మిల్లీమీటరు పొడవు. దాని కార్నియా తగినంత చదునుగా ఉంటే దోషం ఉండదు. కాబట్టి ఒక్కసారి తీసిన కొలత కంటే, అదే కంటికి ఏడాది తేడాతో తీసిన రెండు కొలతలు ఎక్కువ విషయం చెబుతాయి.

7.3 లోతును కొలవడం: బావి, కంటిగుడ్డు

పశ్చిమ ప్రకాశంలో పెరిగినవారికి లోతు కొలవడం కొత్త కాదు. దిగుడుబావిలో రాయి వేసి, నీటి చప్పుడు వినిపించేదాకా లెక్కపెట్టి, 'ఇంకా ఇన్ని మట్ల నీళ్లు దిగిపోయాయి' అనుకున్న ఎండాకాలాలు మనకు గుర్తే. అతిధ్వని పరీక్ష కూడా ఇలాంటిదే. చెవికి వినిపించనంత ఎక్కువ పౌనఃపున్యం గల ధ్వనిని కార్నియా నుంచి లోపలికి పంపుతారు. అది కటకం ముందు తలం, వెనుక తలం, నేత్రపటలం దగ్గర కొంతకొంత ప్రతిధ్వనించి వెనక్కి వస్తుంది. కంట్లో ధ్వని వేగం సగటున సెకనుకు 1,550 మీటర్లు. 24 మిల్లీమీటర్ల కంటిలో పోయి రావడానికి 48 మిల్లీమీటర్లు, అంటే సుమారు 31 మైక్రోసెకన్లు. ఆ కాలాన్ని కొలిస్తే పొడవు తెలుస్తుంది.

దీనిలో చిక్కు ఏమిటంటే, పరికరం కొనను మందుచుక్కలతో తిమ్మిరి చేసిన కార్నియాకు తాకించాలి. ఆరేళ్ల పిల్ల ఊరుకుంటుందా? తాకినప్పుడు కొంచెం నొక్కుకుపోయినా పొడవు తక్కువగా చూపిస్తుంది. ఈ పద్ధతిలో దాదాపు 0.1 మిల్లీమీటరు తేడా రావచ్చు. హ్రస్వదృష్టి లేని బడి వయసు పిల్లల కన్ను ఏడాదికి పెరిగేదే సుమారు అంత. తప్పు, కొలవవలసిన విషయం ఒకే పరిమాణంలో ఉంటే ఆ కొలతతో ఏం చేస్తాం?

కాంతితో కొలిస్తే? తాకనక్కరలేదు. కాని కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. 0.01 మిల్లీమీటరు తేడాను కాలంతో పట్టుకోవాలంటే సెకనులో పది లక్షల కోట్లవ వంతు కంటే చిన్న వ్యవధిని కొలవాలి. ఏ గడియారమూ నేరుగా ఆ పని చేయలేదు. అందుకని కాలాన్ని కొలవడం మానేసి, వ్యతికరణాన్ని వాడుకున్నారు.

కంభం చెరువు కట్ట మీద నిలబడి రెండు రాళ్లు విసరండి. రెండు అలలు ఎదురైనచోట శిఖరం మీద శిఖరం పడితే అల ఎత్తవుతుంది, శిఖరం మీద గుంట పడితే చదునవుతుంది. కాంతి విషయంలోనూ ఇంతే. ఒక కాంతిపుంజాన్ని రెండుగా చీల్చి, ఒకదాన్ని కంటిలోకి, మరొకదాన్ని కదిలే అద్దం మీదికి పంపుతారు. రెండూ తిరిగివచ్చి కలుసుకుంటాయి. ఇక్కడ వాడేది మామూలు లేజరులా పొడవైన అలల వరస కాదు, చాలా పొట్టి అలల గుంపు. భౌతికశాస్త్రంలో దీన్ని తక్కువ సంబద్ధత గల కాంతి అంటాం. రెండు దారుల పొడవులు ఇంచుమించు సమానమైనప్పుడే ఆ గుంపులు ఒకదానిపై ఒకటి పడి వ్యతికరణ చారలు ఏర్పడతాయి. లేకపోతే ఏమీ ఉండదు. అద్దాన్ని ఎంత దూరం జరిపితే చారలు వచ్చాయో చూస్తే, కాంతి కంటిలో ఎంత లోతు నుంచి తిరిగివచ్చిందో తెలిసిపోతుంది. వియన్నాలో ఫెర్షర్ బృందం 1980లలో ఈ పద్ధతితో కంటి పొడవును కొలిచి చూపింది. దాని ఆధారంగా తయారైన యంత్రం 1999లో ఆసుపత్రులకు వచ్చింది. దీని కచ్చితత్వం మిల్లీమీటరులో వందో వంతు స్థాయిది. పిల్లవాడు గడ్డం ఆనించి ఎర్రచుక్క వైపు కొన్ని సెకన్లు చూస్తే చాలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: అతిధ్వని పద్ధతిలో 0.1 మిల్లీమీటరు పొరపాటు జరిగితే అది సుమారు ఎన్ని డయాప్టర్లకు సమానం? (7.2లోని లెక్కను ఉపయోగించండి.)

7.4 పలకరాయిలాంటి చిత్రం

మార్కాపురం పలకల పని చూసినవారికి ఓసీటీ గురించి చెప్పడం నాకు సులభం. గనిలోంచి తెచ్చిన రాతిదిమ్మను పనివాడు అంచున ఉలి పెట్టి తడతాడు. అది పొరలు పొరలుగా విడిపోతుంది. బయటికి ఒకే నల్లటి దిమ్మ, లోపల వందల పొరలు. (ఆ ధూళి పనివారి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో మరో పాఠంలో మాట్లాడుకోవాలి. పలక మీద దిద్దినవారందరం ఆ అప్పు పడి ఉన్నాం.)

నేత్రపటలం కూడా పావు మిల్లీమీటరు మందంలో పది పొరలున్న పలకరాయి. దాన్ని ఉలితో విడదీయలేం కాబట్టి, ఇంతకుముందు చెప్పిన వ్యతికరణంతోనే విడదీస్తారు. కాంతిపుంజాన్ని ఒక బిందువు దగ్గర ఆపి లోతును చదివి, పక్క బిందువుకు జరిపి మళ్లీ చదివి, ఇలా వేల గీతలను పక్కపక్కన పేరిస్తే కంటి వెనుక గోడకు నిలువుకోత చిత్రం తయారవుతుంది. దీనినే ఆప్టికల్ కొహెరెన్స్ టోమోగ్రఫీ, పొట్టిగా ఓసీటీ అంటారు. 1991లో అమెరికాలో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో మొదలైనవారు దీన్ని ప్రకటించారు. వాడేది కంటికి దాదాపు కనిపించని పరారుణ కాంతి. సుమారు 5 మైక్రాన్ల తేడాను విడదీసి చూపుతుంది. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే ఇది ఎంత సూక్ష్మమో అర్థమవుతుంది.

హ్రస్వదృష్టి విషయంలో ఓసీటీ నేర్పిన పెద్ద పాఠం నేత్రపటలానికి సంబంధించినది కాదు, దాని వెనుకనున్న రక్తపటలానిది. రక్తనాళాలతో నిండిన ఈ పొర చూపుకేంద్రం వెనుక ఆరోగ్యవంతుల్లో సుమారు 300 మైక్రాన్ల మందం ఉంటుంది. హ్రస్వదృష్టి పెరిగినకొద్దీ ఇది పలచబడుతుంది. తీవ్రమైన కళ్లలో 100 మైక్రాన్లకంటే తగ్గిపోవడమూ ఉంది. గాలి నింపేకొద్దీ బుడగ గోడ పలచబడినట్లే ఇదీ అని మొదట అనుకున్నారు. కథ అంత సరళం కాదు.

1990లలో న్యూయార్కులో జోష్ వాల్మన్ కోడిపిల్లల కళ్లకు కటకాలు అమర్చి చూశారు. ప్రతిబింబం నేత్రపటలానికి ముందు పడేలా చేస్తే, ఆ పిల్లల రక్తపటలం ఉబ్బి నేత్రపటలాన్ని ప్రతిబింబం వైపు ముందుకు నెట్టింది. వెనుక పడేలా చేస్తే పలచబడి, పటలాన్ని వెనక్కి పోనిచ్చింది. ఆ తరువాత కంటిగుడ్డు పెరుగుదల కూడా అదే దిశలో మారింది. అంటే ప్రతిబింబం ఎక్కడ పడుతోందో కన్ను తనకు తానే గమనించి, తన పొడవును సరిచేసుకోవాలని చూస్తోందన్న మాట. మెదడు ఆజ్ఞ కోసం కూడా అది ఆగదు. తరువాత మనుషుల కళ్లలోనూ ఇలాంటి మార్పులే, కాకపోతే కొద్ది మైక్రాన్లంత చిన్నవి, కనిపించాయి. ఆ కొద్ది మైక్రాన్లను చూడగల సాధనం లేకపోతే ఈ విషయం మనుషుల్లో నిరూపణ అయ్యేదే కాదు.

రక్తపటలం మందం పగటికీ రాత్రికీ కూడా కొంత మారుతుంది. కాబట్టి ఒక పిల్లవాడికి ఉదయం తీసిన చిత్రాన్ని వచ్చే ఏడాది సాయంత్రం తీసిన చిత్రంతో పోల్చడం సరికాదు. రిపోర్టు మీద తేదీతోపాటు సమయమూ ఉందా అని చూడండి.

7.5 కంటి అడుగు ఫొటో

1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి అడుగును చూసే ఆఫ్తాల్మోస్కోపును ప్రకటించినప్పటినుంచి వైద్యులు కనుపాప గుండా లోపలికి చూస్తున్నారు. ఇప్పుడు అదే దృశ్యాన్ని ఫండస్ కెమెరా రంగుల ఫొటోగా ఇస్తుంది. హ్రస్వదృష్టి గల కంటి ఫొటోలో దృక్‌నాడి బిళ్ల ఒక పక్కకు ఒరిగినట్టు, దాని అంచున లేతరంగు నెలవంక ఏర్పడినట్టు కనిపిస్తుంది. రక్తపటలం పలచబడడం వల్ల దాని నాళాలు పులిచారల్లా బయటపడతాయి. ఇవన్నీ గోడ సాగిందనడానికి గుర్తులు.

సాగిన గోడ చిరగవచ్చు. నాకు యాభై నాలుగో ఏట ఒక సాయంత్రం ఎడమ కంటి ముందు నల్లటి దారపు పోగులు రాలాయి, చీకట్లో మెరుపు మెరిసినట్టయింది. శుక్లాలేమోనని రెండు రోజులు ఊరుకున్నాను. భౌతికశాస్త్రంలో డాక్టరేటు ఉన్నవాడు చేసిన పని అది. మూడో రోజు ఫొటో తీస్తే నేత్రపటలం అంచున చిన్న చిరుగు కనిపించింది, లేజరుతో చుట్టూ కుట్టువేసినట్లు అతికించారు. ఇంకో వారం ఆగితే పటలం ఊడివచ్చేదన్నారు. మెరుపులు, హఠాత్తుగా నల్లచుక్కల వాన, పక్కనుంచి తెర దిగినట్లు ఉండడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా అదే రోజు కంటి వైద్యుని దగ్గరకు వెళ్లాలి. ఇది పరీక్షలో అడగరు. అయినా గుర్తుంచుకోండి.

బాల్యంలో పెరుగుదలను కొంచెం తగ్గించినా ఎందుకు విలువైనదో ఇక్కడ అర్థమవుతుంది. 2019లో బుల్లిమోర్, బ్రెనన్ వివిధ దేశాల సమాచారాన్ని పరిశీలించి, హ్రస్వదృష్టి ఒక్క డయాప్టరు తక్కువగా ఉంటే పెద్దయ్యాక చూపుకేంద్రం దెబ్బతినే అవకాశం సుమారు 40 శాతం తగ్గుతుందని లెక్కకట్టారు.

7.6 మన దగ్గర ఎంత ఉంది?

తెలుగు పల్లెపిల్లల గురించి మనకున్న మంచి అధ్యయనాల్లో ఒకటి మహబూబ్‌నగర్ జిల్లాలో జరిగింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థకు చెందిన దండోనా దంపతులు, సహచరులు 7 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లలు 4,074 మందిని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. హ్రస్వదృష్టి ఉన్నవారు 4.1 శాతం. అదే ఏడాది ప్రచురితమైన ఢిల్లీ నగరపు అధ్యయనంలో 5 నుంచి 15 ఏళ్ల వారిలో 7.4 శాతం. మహబూబ్‌నగర్ కూడా మన మార్కాపురం, ఎర్రగొండపాలెం లాగే మెట్టసీమ, వలసల సీమ. నల్లమలకు అటు అది, ఇటు మనం. అయినా ఆ అంకెను తెచ్చి ఇక్కడ అతికించకూడదు. రెండు దశాబ్దాల్లో బడులూ మారాయి, చేతిలో ఫోనూ వచ్చింది.

ఆ అధ్యయనంలో నన్ను ఆలోచింపజేసినవి రెండు విషయాలు. ఎక్కువ చదివిన తండ్రుల పిల్లల్లోనూ, ఆడపిల్లల్లోనూ హ్రస్వదృష్టి ఎక్కువగా కనిపించింది. మొదటిది వంశపారంపర్యమా, ఇంట్లో పుస్తకాలు ఎక్కువ ఉండడమా? రెండోది ఆడపిల్ల ఇంటిపట్టున ఎక్కువగా ఉండడమా? వక్రీభవన దోషాన్ని మాత్రమే కొలిస్తే ఈ ప్రశ్నలకు జవాబు రాదు. ఏటేటా కంటి పొడవు ఎలా పెరిగిందో, ఆ పిల్ల రోజూ ఎంతసేపు ఎక్కడ గడిపిందో కలిపి చూడాలి.

'పలక మీద రాసిన రోజుల్లో అందరి కళ్లూ బాగుండేవి' అని మార్కాపురంలో పెద్దలు అంటుంటారు. నేను పలక మీద రాసినవాణ్ణే, నా కళ్లు బాగాలేవు. ఆ రోజుల్లో ఎవరూ కొలవలేదు, అంతే తేడా.

అయితే ఆ మాటలో ఒక నిజం ఉంది. అప్పటి పిల్లలు ఆరుబయట ఎక్కువగా ఉండేవారు. ట్యూబులైటు కింద బల్ల మీద పడే వెలుతురు 300 నుంచి 500 లక్స్ ఉంటే, ఎండలో లక్ష లక్స్ దాకా ఉంటుంది, చెట్టునీడలో కూడా వేలల్లో ఉంటుంది. ఈ ప్రకాశానికి నేత్రపటలంలో డోపమిన్ విడుదలై కంటి పెరుగుదలను నెమ్మదింపజేస్తుందని ఎక్కువమంది అంగీకరించే వివరణ. చైనాలోని గ్వాంగ్జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్ల తరువాత కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు ఆ బడుల్లో 30.4 శాతం, మిగతా బడుల్లో 39.5 శాతం. ఈ ఫలితం 2015లో వెలువడింది. ఏప్రిల్ ఎండలో గిద్దలూరు పిల్లల్ని బయట నిలబెట్టమని దీని అర్థం కాదు. వేపచెట్టు నీడ చాలు. డ్రిల్లు పీరియడును లెక్కల మాస్టారు తీసేసుకోకుండా ఉంటే సగం పని అయినట్లే.

ఇంకో మాట. కళ్లజోడు పెడితే నంబరు పెరుగుతుందని, అందుకే తక్కువ పవరు ఇప్పించమని అడిగే తల్లిదండ్రులు మీకు ఎదురవుతారు. 2002లో మలేసియాలో కొందరు పిల్లలకు పూర్తి పవరు, కొందరికి తక్కువ పవరు ఇచ్చి చూశారు. తక్కువ పవరు వాడినవారిలోనే దోషం ఎక్కువ వేగంగా పెరిగింది. ఆడపిల్లకు జోడు పెడితే సంబంధాలు రావని చెప్పే ఇంట్లో మాత్రం ఈ లెక్క పనిచేయదు. అక్కడ అక్షరాల చార్టు ముందు ఆ పిల్లను నిలబెట్టి, జోడు లేకుండా ఒకసారి, జోడుతో ఒకసారి వాళ్లమ్మ ఎదుటే చదివించండి. నేను చూసినంతలో ఏ ఉపన్యాసమూ దానంత పనిచేయలేదు.

7.7 అభ్యాసాలు

1. ఇవి లెక్క కోసం కల్పించిన విలువలు. ఎనిమిదేళ్ల ఇద్దరు పిల్లల కంటి పొడవును కాంతి పద్ధతిలో కొలిచారు. మొదటి పిల్లవాడికి 23.40, ఏడాది తరువాత 23.50 మిల్లీమీటర్లు. రెండో పిల్లకు 22.80, ఏడాది తరువాత 23.20 మిల్లీమీటర్లు. ఈ ఇద్దరిలో ముందుగా ఎవరిని కంటి వైద్యుని దగ్గరకు పంపుతారు? పొడవు తక్కువగా ఉన్నా ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో నాలుగు వాక్యాల్లో రాయండి. కటకం చదును కావడాన్ని మీ జవాబులో మరిచిపోవద్దు.

2. మామూలు చూపు ఉన్నవారు 6 మీటర్ల దూరం నుంచి చదవగల చార్టు అక్షరం ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు. 6/12 చూపు ఉన్న పిల్లవాడికి దానికి రెట్టింపు కావాలి. మీకు దగ్గరలోని బడికి వెళ్లి, చివరి బెంచీ నుంచి బోర్డుకు గల దూరాన్ని, బోర్డు మీద రాసిన అక్షరాల ఎత్తును టేపుతో కొలవండి. ఆ బెంచీలో కూర్చున్న 6/12 చూపు గల పిల్లవాడు ఆ అక్షరాలను చదవగలడా? ఒత్తులను, 'థ'లోని చుక్కను విడిగా కొలిచి లెక్కలో చేర్చండి.